పీ-విలువ 1.92 వచ్చిందక్కా, ఎక్కడ తప్పు చేశాను?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది అనంతపురం వైపు. బెంగళూరులో ఫుడ్ సైన్స్ ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను, హెబ్బాళ దగ్గర పీజీలో ఉంటాను. చలికాలంలో ఇక్కడ ఇడ్లీ పిండి సరిగ్గా పొంగదు కదా, అటుకులు కలిపితే త్వరగా పొంగుతుందా అన్నదే నా ప్రాజెక్టు. పది రోజుల పాటు రోజూ ఒకేసారి రుబ్బిన పిండిని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో నానబెట్టి మెదిపిన అటుకులు కలిపి, రెండు గాజు సీసాల్లో పోసి, పిండి రెట్టింపు కావడానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకున్నాను. అటుకుల పిండికి సగటున 9.2 గంటలు, అంకెల చెదురు చూపే ఎస్‌డీ 0.99. మామూలు పిండికి 10.2 గంటలు, ఎస్‌డీ 1.37. టీ విలువ మైనస్ 1.87 వచ్చింది. గోలంతా ఇక్కడే మొదలైంది. ఎక్సెల్‌లో ఒక ఫార్ములాకి 0.0389 వచ్చింది, ఇంకోదానికి ఎర్రర్ వచ్చింది. ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేనే లెక్క కడితే 1.92. అదే ఆర్‌లో టీ.టెస్ట్ పెడితే 0.0794. నా ఫ్రెండ్ పైథాన్‌లో చేస్తే 0.0778. సీనియర్ అన్న "0.0389 రాసేయ్, వన్ టెయిల్డ్ అని చెప్పు, సిగ్నిఫికెంట్ అయిపోతుంది" అంటున్నాడు. గైడ్ గారు టూ టెయిల్డే, అంటే రెండు వైపులదే కావాలన్నారు. ఇంకో సందేహం, ఏడో రోజు కరెంటు పోయి పిండి రుబ్బేసరికి రాత్రి పదకొండయింది, ఆ రాత్రి బాగా చలి, అటుకుల సీసాకి పదకొండున్నర గంటలు, మామూలు సీసాకి పదమూడు గంటలు పట్టింది. ఆ రోజు లెక్క తీసేయనా? పదిహేను రోజుల్లో వైవా, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అంకెలన్నీ రాసి పంపడం మంచి పని చేశావు. చాలామంది "పీ-విలువ తప్పుగా వస్తోంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, దాంతో ఏం చెప్పాలో తోచదు. నీ అంకెలు ముందేసుకుని కూర్చుంటే ఒక్కొక్కటీ ఎక్కడి నుంచి వచ్చిందో దొరికింది. ఆ 1.92 ఒక్కటి పక్కన పెడితే మిగతావన్నీ ఏదో ఒక ప్రశ్నకు సరైన జవాబులే. నీ ప్రశ్నకు ఏది జవాబు అన్నదే తేల్చుకోవాలి, అది కూడా చివరికి నువ్వు అడిగిన చోట కాకుండా వేరే చోట తేలుతుంది, అక్కడికి వస్తాను.

ముందు ఆ 1.92 సంగతి. పీ-విలువ అంటే సంభావ్యత, సున్నాకీ ఒకటికీ మధ్యే ఉండి తీరాలి. ఒకటి దాటిందంటే తప్పు తోక పట్టుకున్నామని అర్థం. టీ విలువ అంటే సగటుల తేడా చెదురుతో పోలిస్తే ఎంత పెద్దదో చెప్పే అంకె. అసలు తేడానే లేకపోతే టీ విలువలు ఎలా పడతాయో చూపడానికి కాగితం మీద గంట ఆకారంలో ఒక గీత గీసుకో. మధ్యలో సున్నా, ఎడమవైపు మైనస్‌లు, కుడివైపు ప్లస్‌లు. ఎడమవైపు మైనస్ 1.87 దగ్గర ఒక నిలువు గీత పెట్టు. ఆ గీతకి ఎడమ పక్కన మిగిలిన సన్నటి తోక వైశాల్యం, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (డీఎఫ్, అంటే ఇరవై కొలతల్లోంచి రెండు సగటులకి రెండు పోగా మిగిలినది) 18 అయితే, 0.0389. కుడి పక్కన ఉన్నది దాదాపు ఆ గంట ఆకారం మొత్తం, 0.9611. "కుడి తోక తీసుకుని రెండుతో గుణించాలి" అని నువ్వు ఎక్కడో చదివి ఉంటావు, అది టీ విలువ ప్లస్‌లో ఉన్నప్పటి మాట. నువ్వు ఆర్‌లో పీటీ ఫంక్షన్‌కి మైనస్ 1.87ని అలాగే ఇచ్చి, లోయర్.టెయిల్ దగ్గర ఫాల్స్ పెట్టి ఉంటావు. అది అడిగినట్టే కుడి పక్క మొత్తం, అంటే 0.9611 ఇచ్చింది. దాన్ని రెండుతో గుణిస్తే 1.9222. అంతే జరిగింది.

దీనికి మందు చాలా చిన్నది. టీ విలువకి ఉన్న మైనస్ గుర్తు ముందే తీసేయాలి, తర్వాతే తోక వైశాల్యం అడగాలి, తర్వాతే రెండుతో గుణించాలి. ఆర్‌లో 2 * పీటీ(-ఏబీఎస్(టీ), డీఎఫ్) అని రాస్తే ఇక ఎప్పుడూ తప్పు పోదు, ఎందుకంటే ఏబీఎస్ మైనస్‌ని తీసేస్తుంది, దాని ముందున్న మైనస్ దాన్ని ఖాయంగా ఎడమవైపుకే పంపుతుంది, పీటీ మామూలుగా ఇచ్చేది ఎడమ తోకే. టీ విలువ మైనస్‌లో రావడంలో తప్పేమీ లేదు, నువ్వు అటుకుల సగటులోంచి మామూలు సగటు తీసేశావు కాబట్టి అలా వచ్చింది, తిప్పి తీస్తే ప్లస్ 1.87 వస్తుంది. రెండు వైపుల పీ-విలువ మాత్రం ఎటు తీసినా ఒకటే.

రెండు వైపులు ఎందుకు లెక్కలోకి రావాలో కూడా ఒకసారి మనసులో పట్టించుకో, వైవాలో అడిగేది ఇదే. అటుకులు పిండి పొంగే సమయాన్ని అసలు మార్చవు అనుకుందాం. అలాంటప్పుడు కూడా పది రోజులు కొలిస్తే సగటుల్లో ఏదో కాస్త తేడా వస్తుంది, ఒక రోజు చలి, ఒక రోజు పప్పు బాగా నానింది, ఇలా. ఆ కాకతాళీయపు తేడా నీకు వచ్చినంత పెద్దగా, లేదా ఇంకా పెద్దగా, ఏ వైపైనా సరే రావడానికి ఎంత అవకాశం ఉంది? అదే రెండు వైపుల పీ-విలువ. అటుకులు కలిపితే పిండి ఒక గంట ఆలస్యంగా పొంగి ఉంటే నువ్వు ఊరుకునేదానివా? దాన్నీ ఒక ఫలితంగానే రాసేదానివి. అందుకే ఆ వైపు తోక కూడా లెక్కలోకి రావాలి. టీ వక్రం రెండు పక్కలా సమానంగా ఉంటుంది కాబట్టి ఒక తోకని రెండింతలు చేస్తే సరిపోతుంది, 0.0389 రెండింతలైతే 0.0778. ఇదే నీ ఫ్రెండ్‌కి పైథాన్ ఇచ్చిన అంకె.

మరి ఆర్ 0.0794 ఎందుకిచ్చింది? ఇందులో తోకల గొడవ లేదు. పైథాన్‌లో సైపై అనే లైబ్రరీలోని టీటెస్ట్_ఇండ్ నువ్వేమీ చెప్పకపోతే రెండు గుంపుల చెదురు సమానమే అనుకుంటుంది, డీఎఫ్ 18 వేస్తుంది, స్టూడెంట్ టీ-టెస్ట్ అనేది అదే. ఆర్‌లో టీ.టెస్ట్ నువ్వేమీ చెప్పకపోతే చెదురు వేరువేరు అనుకుని వెల్చ్ పద్ధతి వాడుతుంది. నీ ఎస్‌డీలు 0.99, 1.37 కదా, వాటితో వెల్చ్ డీఎఫ్ 16.4 వస్తుంది. రెండు గుంపుల్లోనూ సంఖ్య సమానంగా, పదికి పది ఉంది కాబట్టి టీ విలువ రెండు పద్ధతుల్లోనూ అచ్చంగా అదే 1.87, మారింది డీఎఫ్ ఒక్కటే, దాంతో 0.0778 కాస్తా 0.0794 అయింది. ఈ రెండింటిలో నన్నడిగితే వెల్చ్‌నే నమ్ముతాను, చెదురు సమానమని మనకి ముందే తెలిసే సందర్భాలు చాలా తక్కువ.

ఎక్సెల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే. టీ.డిస్ట్ అనే ఫార్ములా ఎడమ తోక ఇస్తుంది. నువ్వు మైనస్ 1.87, 18, ట్రూ అని ఇచ్చావు, 0.0389 వచ్చింది. ప్లస్ 1.87 ఇచ్చి ఉంటే 0.9611 వచ్చేది. టీ.డిస్ట్.ఆర్‌టీ కుడి తోక ఇస్తుంది. టీ.డిస్ట్.2టీ అనేది నీకు కావలసిన రెండు వైపుల పీ-విలువని నేరుగా ఇస్తుంది, మళ్లీ రెండుతో గుణించకూడదు. కానీ దానికి మైనస్ అంకె ఇస్తే నమ్ అనే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. నీకు వచ్చిన ఎర్రర్ అదే. టీ.డిస్ట్.2టీ(ఏబీఎస్(ఏ1), 18) అని లోపల ఏబీఎస్ పెట్టేస్తే పని జరుగుతుంది. ఇంకొక మెలిక ఉంది, ఈ ఫార్ములాకి డీఎఫ్ 16.4 అని ఇస్తే అది చుక్క తర్వాతి భాగాన్ని వదిలేసి 16 కిందే లెక్క వేస్తుంది, అప్పుడు 0.0799 వస్తుంది. రేపు నువ్వు సరిచూసుకుంటూ ఇది నాలుగో అంకె ఎక్కడి నుంచి వచ్చిందని మళ్లీ కంగారు పడతావేమోనని ముందే చెబుతున్నాను.

అంకెల వరుసలు నేరుగా ఇస్తే పీ-విలువ ఇచ్చే టీ.టెస్ట్ ఫార్ములా కూడా ఎక్సెల్‌లో ఉంది. దానికి నాలుగు ఇవ్వాలి, మొదటి గుంపు, రెండో గుంపు, ఎన్ని తోకలు, ఏ రకం. మూడో స్థానంలో 2 అంటే రెండు వైపులు. నాలుగో స్థానంలో 1 అంటే జతలు, 2 అంటే చెదురు సమానం, 3 అంటే చెదురు వేరు. మూడో స్థానంలోనూ నాలుగో స్థానంలోనూ 1, 2 అంకెలే ఉండటంతో ఒకదాని బదులు ఒకటి పడిపోతుంది, ఎర్రర్ ఏమీ రాదు, చూడటానికి బాగానే ఉన్న తప్పు అంకె వస్తుంది.

ఈ ఫార్ములా గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉండేదాన్ని. బిస్కెట్ ప్యాకెట్‌కి కొత్త కవరు వచ్చింది, అది తేమని తగ్గిస్తుందా అని చూడాలి. నేను మూడో స్థానంలో 1 పెట్టాను, "తగ్గుతుంది" అన్నదే మా ప్రశ్న కాబట్టి. 0.03 వచ్చింది. అందరం సంతోషపడి రిపోర్టు పంపేశాం. రెండు రోజుల తర్వాత ఒక పెద్దాయన సగటులు అడిగితే చూశాం, కొత్త కవర్లో తేమ పెరిగింది. ఎక్సెల్ టీ.టెస్ట్ టీ విలువని ఎప్పుడూ ప్లస్‌గానే తీసుకుంటుంది, నువ్వు అనుకున్న వైపు ఏదో దానికి తెలియదు, ఒక తోక అడిగితే తేడా ఎటున్నా చిన్న తోకే ఇస్తుంది. మా ప్రశ్నకి అసలు జవాబు 0.97. రిపోర్టు వెనక్కి తెప్పించుకున్నాం కానీ ఆ రెండు రోజుల్లో కొత్త కవర్లకి ఆర్డరు వెళ్లిపోయింది. అప్పటి నుంచి నేను పీ-విలువ చూసే ముందు రెండు సగటులూ పక్కపక్కన రాసుకుని చూస్తాను, నువ్వూ అలాగే చెయ్యి.

మిగతా సాఫ్ట్‌వేర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆర్‌లో టీ.టెస్ట్, సైపైలోని టీ-టెస్టులు ఏమీ చెప్పకపోతే రెండు వైపులదే ఇస్తాయి, కాబట్టి వాటి అంకెని రెండింతలు చేయకు. సైపైలో చేత్తో కట్టాలంటే ఎస్ఎఫ్ అనే ఫంక్షన్‌కి ఏబీఎస్ పెట్టిన టీ విలువ ఇచ్చి రెండుతో గుణించు, 1 లోంచి సీడీఎఫ్ (ఎడమ పక్క వైశాల్యం) తీసే పద్ధతి వద్దు, టీ విలువ మరీ పెద్దదైతే ఆ తీసివేతలో చిన్న తోక కాస్తా సున్నా అయిపోతుంది. స్టాటాలో కింద మూడు పీ-విలువలు వరుసగా వస్తాయి, మధ్యలోది రెండు వైపులది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో పాత వెర్షన్లు సిగ్ (2-టెయిల్డ్) అనే ఒక్క గడి ఇచ్చేవి, కొత్తవి ఒక వైపుదీ రెండు వైపులదీ పక్కపక్కనే ఇస్తున్నాయి, తొందరలో మొదటిది రాసుకుంటే సగమే రాసినట్టు. అదే పట్టికలో ఎడమవైపు లెవీన్ టెస్టు సిగ్ అని ఇంకోటి ఉంటుంది, అది చెదురు సమానమా అన్నదానికి సంబంధించింది, దాన్ని టీ-టెస్ట్ పీ-విలువ అనుకుని థీసిస్‌లో ఎక్కించినవాళ్లని నేను చూశాను. ఇక అక్కడ .000 అని కనిపిస్తే సున్నా అని రాయకూడదు, 0.001 కన్నా తక్కువ అని రాయాలి.

ఇప్పుడు మీ సీనియర్ అన్న మాట. అతను చెడు ఉద్దేశంతో చెప్పి ఉండడు, వాళ్ల బ్యాచ్‌లో అలాగే నడిచి ఉంటుంది. కానీ వద్దు, చెల్లీ. నీ పుస్తకం వెనక టీ పట్టిక తీసి 18 వరుస చూడు. పీ-విలువ 0.05 కన్నా తక్కువైతేనే సిగ్నిఫికెంట్ అంటారు కదా, రెండు వైపులకి ఆ 0.05 గీత 2.101 దగ్గరుంది, ఒక వైపుకి 1.734 దగ్గరుంది. నీ 1.87 సరిగ్గా ఈ రెండింటి మధ్యా పడింది. అంటే ఏ గడి ఎంచుకుంటామన్నదాన్ని బట్టే ఫలితం ఉందో లేదో తేలిపోతోంది, ఇలాంటప్పుడు అంకె చూసుకున్నాక గడి ఎంచుకుంటే అది పరీక్ష అనిపించుకోదు. ఒక వైపు పరీక్ష తప్పు అనడం లేదు. కొత్త మందు పాతదాని కన్నా మరీ నాసిగా లేదని చూపించే పరీక్షల్లో ఒక వైపే చూస్తారు, కానీ ఆ మాట మొదటి రోగి చేరకముందే కాగితం మీద ఉంటుంది. నీ సినాప్సిస్‌లో "అటుకులు సమయాన్ని తగ్గిస్తాయా అన్నది మాత్రమే పరీక్షిస్తాం, పెంచితే ఫలితం లేదన్నట్టే రాస్తాం" అని ముందే రాసుకున్నావా? నీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు, గైడ్ గారు కూడా టూ టెయిల్డ్ అన్నారు. కాబట్టి ఆ దారి మూసేసుకో.

పైగా ఈ 0.05 ఏమీ ప్రకృతి గీసిన గీత కాదు. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1925లో తన పుస్తకంలో ఇరవైలో ఒకటి అన్నది హద్దుగా పెట్టుకోవడం అనుకూలంగా ఉంటుందని రాశాడు, అదే అలవాటై పాతుకుపోయింది. ఒక్క గీతకి ఇటా అటా అని చూసి నిర్ణయాలు తీసుకోవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటన ఇచ్చి మరీ చెప్పింది. 0.0794 వస్తే అటుకులు పని చేయవని తేలినట్టు కాదు. నీ ఒక గంట తేడా చుట్టూ 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ కట్టి చూశాను, దాదాపు మైనస్ 2.13 గంటల నుంచి ప్లస్ 0.13 గంటల దాకా వచ్చింది. అంటే అటుకులు రెండు గంటల పైన ముందుకు జరపవచ్చు, ఏడెనిమిది నిమిషాలు ఆలస్యమూ చేయవచ్చు, ఈ కొలతలు ఆ మధ్యలో దేన్నీ తోసిపుచ్చలేవు. పొద్దున ఏడింటికి ఇడ్లీ వేయాల్సిన మనిషికి పీ-విలువ కన్నా ఈ మాటే ఎక్కువ పనికొస్తుంది.

ఇక నీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన వాక్యం. "రోజూ ఒకేసారి రుబ్బిన పిండిని రెండు భాగాలు చేసి" అన్నావు చూడు, అక్కడ. నువ్వు ఇరవై వేరువేరు పిండులు రుబ్బలేదు. పది పిండులు రుబ్బావు, ఒక్కోదాన్ని రెండుగా పంచావు. ఒక రోజు పిండి బాగుంటే రెండు సీసాలూ బాగుంటాయి, ఒక రాత్రి చలేస్తే రెండు సీసాలకీ వేస్తుంది. అంటే ఇవి జతలు. ఇప్పటిదాకా నువ్వూ నీ ఫ్రెండూ చేసిన పరీక్షలన్నీ, వెల్చ్‌తో సహా, ఆ ఇరవై సీసాలకీ ఒకదానితో ఒకటికి సంబంధం లేదనుకున్నాయి. ఒకటో రెండో తోకలన్న గొడవ కన్నా నీ విషయంలో ఇది పెద్దది.

దీని తేడా ఎంతుంటుందో ఒక పాత లెక్కతో చూపిస్తాను. టీ-టెస్ట్ కనిపెట్టిన విలియం గోసెట్ డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసేవాడు, అంటే ఆయనదీ ఒక రకంగా పులిసే పదార్థాల వ్యవహారమే. ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధన అచ్చు వేయకూడదన్న నియమం ఉండటంతో 1908లో "స్టూడెంట్" అనే పేరుతో తన వ్యాసం వేయించాడు. అందులో వాడుకున్న లెక్కల్లో ఒకటి, పది మంది మీద రెండు నిద్ర మందులు వాడి ఒక్కో మందుతో ఎన్ని గంటలు అదనంగా నిద్రపోయారో చూసిన అంకెలు. ఆ ఇరవై అంకెలూ ఆర్‌లో స్లీప్ అనే పేరుతో ఇప్పటికీ ఉంటాయి, నువ్వే తెరిచి చూడు. ఇరవై మంది వేరువేరు మనుషులనుకుని వెల్చ్ టెస్ట్ చేస్తే టీ మైనస్ 1.86, రెండు వైపుల పీ-విలువ 0.0794, ఎంత విచిత్రమో, నీ అంకే. పది మందే, ఒక్కొక్కరు రెండు మందులూ వాడారు అని జతలుగా చేస్తే టీ మైనస్ 4.06, డీఎఫ్ 9, పీ-విలువ 0.0028. అంకెలు మారలేదు, సగటుల తేడా కూడా మారలేదు. ఒక్కో మనిషి నిద్ర ఒక్కోలా ఉండటం వల్ల వచ్చిన చెదురు మాత్రం లెక్కలోంచి తప్పుకుంది.

నీకూ అలాగే 0.0028 వస్తుందని మాటివ్వను. నువ్వు చేయాల్సింది, ప్రతి రోజుకీ అటుకుల గంటల్లోంచి మామూలు గంటలు తీసేసి పది తేడాలు ఒక వరుసలో రాసుకోవడం. వాటి సగటు మైనస్ 1.0 వస్తుంది, రాకపోతే ఎక్కడో అంకె తప్పు పడినట్టు. తర్వాత ఆ పది తేడాల ఎస్‌డీ తీయి. ఇందులోనే ఉంది అసలు సంగతి. రెండు సీసాలకీ సంబంధమే లేకపోతే ఆ ఎస్‌డీ 1.69 చుట్టుపక్కల ఉంటుంది, రోజులు రెండు సీసాలనీ కలిపి లాగుతుంటే తగ్గుతుంది. డీఎఫ్ 9కి రెండు వైపుల గీత 2.262, కాబట్టి ఆ ఎస్‌డీ 1.4 కన్నా తక్కువుంటే పీ-విలువ 0.05 కన్నా దిగుతుంది, లేకపోతే దిగదు. ఆర్‌లో అయితే టీ.టెస్ట్‌కి రెండు వరుసలూ ఇచ్చి పెయిర్డ్ = ట్రూ పెట్టు, పైథాన్‌లో టీటెస్ట్_రెల్, ఎక్సెల్ టీ.టెస్ట్‌లో నాలుగో స్థానంలో 1, మూడో స్థానంలో మాత్రం 2 అలాగే ఉంచు. రెండు వరుసల్లోనూ రోజుల క్రమం ఒకటే ఉండాలి, ఎక్కడైనా సార్ట్ కొట్టి ఉంటే జతలు విడిపోతాయి, ఏ సాఫ్ట్‌వేరూ అది కనిపెట్టి చెప్పదు.

ఇదీ అంకె నచ్చక పరీక్ష మార్చడమే కదా, సీనియర్ చెప్పినదానికీ దీనికీ తేడా ఏమిటి అని నీకు అనిపించవచ్చు, అనిపించాలి కూడా. పిండిని రెండుగా పంచిన రోజే ఇది జతల ప్రయోగమైపోయింది, ఏ అంకె రాకముందే. కాబట్టి జతల పరీక్షలో 0.12 వచ్చినా నువ్వు రాయాల్సింది అదే. ఆ షరతుకి నువ్వు ఒప్పుకుంటేనే నేను చెప్పినట్టు చెయ్యి. గైడ్ గారికి కూడా దాచకుండా చెప్పు, "ముందు విడివిడి గుంపులుగా చేశాను సర్, పిండి ఒకటే కాబట్టి జతలుగా చేయాలని తర్వాత అర్థమైంది" అని, రెండు ఫలితాలూ చూపించు.

రెండు చిన్న విషయాలు సరిచూసుకో. అటుకుల సీసా రోజూ ఒకే చోట, అంటే స్టవ్ పక్కనో ఫ్రిజ్ వెనకాల వెచ్చటి చోటో పెట్టావా? డిసెంబరు రాత్రుల్లో ఈ ఊళ్లో కిటికీ పక్కన పెట్టిన పిండికీ గట్టు లోపలి మూల పెట్టినదానికీ చాలా తేడా ఉంటుంది, మా ఇంట్లో ఇప్పటికీ గిన్నెకి దుప్పటి చుట్టి పెడతాం. సీసాల చోట్లు రోజూ మార్చి ఉంటే ఆ మాట థీసిస్‌లో రాయి, మార్చకపోతే అది కూడా రాయి. రెండోది, ఆ పది తేడాలని ఒక గీత మీద చుక్కలుగా పెట్టి చూడు, ఒకే ఒక్క చుక్క మిగతావాటికి చాలా దూరంగా ఉంటే ఆ రోజు ఏం జరిగిందో నోటుబుక్కులో వెతుకు.

ఏడో రోజు గురించి అడిగావు. తీసేయకు. కరెంటు పోవడం రెండు సీసాలకీ ఒకేలా జరిగింది, చలీ ఒకేలా వేసింది. విడివిడిగా చూస్తే పదమూడు గంటలు ఎక్కడో దూరంగా ఉన్న అంకెలా కనిపిస్తుంది, నీ 1.37 ఎస్‌డీని పెంచింది కూడా ఇలాంటి రోజులే. జతగా చూస్తే పదకొండున్నరలోంచి పదమూడు పోతే మైనస్ ఒకటిన్నర, నీ సగటు తేడా మైనస్ 1.0 పక్కన అది అంత దూరంగా ఏమీ లేదు. తీసేయాల్సి వచ్చేది ఒక్క సీసాకే ఏదైనా జరిగినప్పుడు, మూత ఊడిపోవడమో ఎవరో కదిలించడమో, అప్పుడైనా ఆ రోజు జత మొత్తం తీసి, తీసినట్టు రాయాలి.

థీసిస్‌లో వాక్యం ఇలా ఉండనీ: పది రోజుల జతల మీద రెండు వైపుల పెయిర్డ్ టీ-టెస్ట్ చేశాం, అటుకులు కలిపిన పిండి సగటున 1.0 గంట ముందు రెట్టింపయింది, ఆ తర్వాత 95 శాతం ఇంటర్వెల్, టీ విలువ, డీఎఫ్ 9, పీ-విలువ మూడు దశాంశాల దాకా, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌తో చేశావో కూడా. సిగ్నిఫికెంట్ అని చూపే నక్షత్రం గుర్తులు పెట్టకపోయినా ఫరవాలేదు. వైవాలో "రెండు వైపులు ఎందుకమ్మా" అని అడిగితే, అటుకుల వల్ల ఆలస్యమై ఉన్నా అది నేను చెప్పాల్సిన ఫలితమే కదా సర్, అందుకే అని చెప్పు. ఆ పది తేడాలూ వేసి చూసుకున్నాక ఏమొచ్చిందో నాకూ రాయి, ఎటొచ్చినా సరే.